బండి సందేహాలు: కారే చోటు వేరు, పుట్టే చోటు వేరు

ఈసారి పాత పికప్ బండ్ల లీకుల మీద బెంగళూరు తెలుగువాళ్ళు పంపిన ప్రశ్నలన్నీ ఒక్కచోట పెట్టాం.

ప్రశ్న: అన్నా, మాది మదనపల్లి పక్కన పల్లె, ఉండేది కేఆర్ పురంలో. పాత డీజిల్ పికప్ ఉంది, టమాటా లోడ్లు తోల్తాను. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య నుంచి ఆయిల్ కారతా ఉంటే వెనక క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఆయిల్ సీల్ పోయిందని షెడ్డులో గేర్‌బాక్స్ దించి మార్చారు. ఏడాది తిరక్కముందే మళ్ళీ అక్కడే కారుతోంది. ఇంకో మెకానిక్‌కి చూపిస్తే ఆయన కూడా అదే సీల్ మార్చాలంటున్నాడు. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కూడా దగ్గర పడింది. మార్పించమంటారా?

జవాబు: ఇప్పుడే గేర్‌బాక్స్ దించనివ్వకండి తమ్ముడూ. కొత్త సీల్ అంత తొందరగా పోయిందంటే ఎక్కువగా రెండే మాటలు, ఒకటి ఆ ఆయిల్ అసలు ఆ సీల్ నుంచి రావట్లేదు, లేదంటే సీల్‌ని లోపల్నుంచి ఏదో తోసేస్తోంది. ఈ రెండూ తేల్చుకోకుండా మూడో సీల్ వేసినా ఇదే కథ.

ముందు మొదటిది చూద్దాం. ఇంజన్ మీద ఆయిల్ పుట్టిన చోటే కింద పడదు, బండి పోతా ఉంటే గాలికి వెనక్కి పాకుతుంది, బరువుకి కిందికి జారుతుంది, చివరికి అన్నిటికంటే కింద ఉన్న అంచు దగ్గర చుక్కగా రాలుతుంది. పాత డీజిల్ ఇంజన్లలో ఎక్కువగా మోసం చేసేది టాపెట్ కవర్ (ఇంజన్ నెత్తిన ఉండే మూత) ప్యాకింగ్ వెనక అంచు, అక్కడ కారిన ఆయిల్ బ్లాక్ వెనక గోడ మీదుగా దిగి బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్ ఉండే గుల్ల) మీద పడి సరిగ్గా క్రాంక్ సీల్ పోయినట్టే కనిపిస్తుంది. దీన్ని తేల్చడం కష్టమేం కాదు. బెల్ హౌసింగ్ పై భాగాన్ని, అంటే చెయ్యి దూర్చి తడిమితే తప్ప కనపడని ఆ మూలని, ఒక పాత తెల్ల బట్టతో తుడవండి. బట్టకి నల్లగా అంటితే ఆయిల్ పైనుంచి వస్తోంది. పైనంతా పొడిగా ఉండి, అడుగున ఉండే చిన్న రంధ్రం నుంచి మాత్రమే చుక్కలు పడతా ఉంటే లోపలి సీల్ మీద అనుమానం. అప్పుడు కూడా క్రాంక్ సీలే అనుకోవద్దు, గేర్‌బాక్స్ ముందు సీల్ కూడా అక్కడే కారుతుంది. ఆ చుక్కని వేలికి రాసుకుని వాసన చూడండి, గేర్ ఆయిల్ చిక్కగా ఉండి గంధకం కంపు కొడుతుంది, ఇంజన్ ఆయిల్ డీజిల్ బండిలో నల్లగా ఉంటుంది, ఆ కంపు ఉండదు.

ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే ఆల్టర్నేటర్‌కీ వైరింగ్‌కీ ప్లాస్టిక్ కవర్ కట్టి ఇంజన్‌ని డీజిల్, బ్రష్‌తో కడిగి, సబ్బు నీళ్ళు పోసి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక అనుమానం ఉన్న చోట్ల మామూలు టాల్కమ్ పౌడర్ చల్లి, హోస్కోట దాకా పోయి వచ్చి టార్చ్ వేసి చూడండి. తెల్ల పౌడర్ మీద ఆయిల్ దారి గీసినట్టు కనిపిస్తుంది, ఆ గీత పట్టుకుని పైకి పోతే ఎక్కడ మొదలైందో అదే మీ లీకు. కడగకుండా లీకు చెప్పే మెకానిక్ మాట నేనైతే నమ్మను, ఎంత అనుభవం ఉన్నా సరే, ఎందుకంటే పదేళ్ళ మురికి మీద కొత్త ఆయిలేదో పాత ఆయిలేదో కంటికి తెలియదు.

ఇప్పుడు రెండో మాట, నాకు అసలు అనుమానం దీని మీదే. షెడ్డుల్లో బ్యాక్ కంప్రెషన్ అంటారు కదా, సిలిండర్‌లో పేలిన గ్యాసు కొంత పిస్టన్ రింగుల పక్క నుంచి చాంబర్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే భాగంలోకి దిగుతుంది. అది బయటికి పోవడానికి బ్రీదర్ పైపు ఉంటుంది. ఆ పైపు జిడ్డుతో మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఆయిల్‌ని తోస్తుంది, ఇవాళ క్రాంక్ సీల్, రేపు టాపెట్ కవర్, ఎల్లుండి డిప్ స్టిక్ గొట్టం. ఇంజన్ ఐడ్లింగ్‌లో పెట్టి ఆయిల్ పోసే మూత మెల్లగా విప్పి చూడండి. కాస్త ఉఫ్ ఉఫ్ మనడం డీజిల్ ఇంజన్‌కి మామూలే. మూతని ఎగరేసేంత గట్టిగా, పొగతో సహా తోస్తోందంటే ప్రెషర్ ఉన్నట్టే. అప్పుడు బ్రీదర్ పైపు ఊడదీసి ఊది చూడండి, మూసుకుపోయి ఉంటే డీజిల్‌తో కడిగి పెట్టండి లేదా కొత్తది వేయండి, చాలా బండ్లకి లీకు అంతటితోనే సగం తగ్గుతుంది. పైపు శుభ్రంగా ఉండి కూడా తోస్తుంటే కంప్రెషన్ టెస్ట్ చేయించాలి, రింగులు, సిలిండర్ బోరు అరిగి ఉంటే సీళ్ళు ఎన్ని మార్చినా నిలవవు. పనిలో పనిగా డిప్ స్టిక్ మీద పై గీత దాటి ఆయిల్ ఉందేమో చూడండి, ఎక్కువ పోస్తే మంచిదని పోసేవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఇవన్నీ చూశాక కూడా క్రాంక్ సీలే అని తేలితే అప్పుడు దించండి, కానీ దగ్గర నిలబడి ఒకటి చూడండి. పాత సీల్ తీశాక క్రాంక్ మీద సీల్ పెదవి ఆనే చోట గోరు పెట్టి గీయండి. గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడింది, కొత్త సీల్ కూడా అదే గాడిలో కూర్చుని కారుతుంది. ఆ గాడి మీద పలచటి స్టీల్ స్లీవ్ ఎక్కించాలి, లేదా చోటుంటే సీల్‌ని ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కూర్చోబెట్టాలి. జేసీ రోడ్డులో సీల్ కొనేటప్పుడు బండి పేరు చెప్పి ఊరుకోకుండా పాత సీల్ మీద అచ్చేసిన మూడు కొలతలు చూపించండి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. మామూలు రబ్బరు సీల్ అయితే పెదవికి ఆయిల్ రాసి ఎక్కించాలి, టెఫ్లాన్ సీల్ అయితే పొడిగానే ఎక్కించాలి, ఇది తెలియక కొత్త సీల్ పాడుచేసేవాళ్ళని చూశాను. గేర్‌బాక్స్ ఎలాగూ దిగింది కాబట్టి క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ అరిగి ఉంటే అప్పుడే మార్పించేయండి, మళ్ళీ దించే కూలి మిగులుతుంది.

టాపెట్ కవర్ అయితే మీ అదృష్టం, చిన్న పని. ఒక్కటే జాగ్రత్త, రేకు కవర్ బోల్టులు బలం కొద్దీ బిగిస్తే అంచు వంగి లీకు ఇంకా పెరుగుతుంది. కవర్ తీసి అద్దం మీద బోర్లా పెట్టి చూడండి, ఊగితే వంగినట్టే. ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఎఫ్‌సీ ప్రతి ఏడాదీ తప్పదు కాబట్టి కడిగించుకుని పోవడం కాదు, లీకు ఆపుకునే పోండి.

ప్రశ్న: సార్, యలహంక నుంచి రాస్తున్నాను. మా పికప్ వెనక ఎడమ చక్రం లోపలి వైపు తడిగా ఉంటోంది, బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకి లాగుతోంది. యాక్సిల్ సీల్ అని ఒకరు, బ్రేక్ సిలిండర్ అని ఇంకొకరు అంటున్నారు. లోడ్ ఉంది, ఈ వారం తోలొచ్చా?

జవాబు: తోలకండి. ఇది వాయిదా వేసే లీకు కాదు, లోడ్ బండి బ్రేక్ సంగతి. లోడ్ ఇంకో బండికి ఎక్కించండి.

ఏదో తేల్చడానికి స్టీల్ గ్లాసులో నీళ్ళు పోసి ఆ తడిని ఒక చుక్క అందులో వేయండి, కలిసిపోతే బ్రేక్ ఆయిల్, పైన తేలితే యాక్సిల్‌ది. బ్రేక్ ఆయిల్ అయితే వీల్ సిలిండర్ చివర ఉండే రబ్బరు టోపీ కొంచెం ఎత్తి చూడండి, లోపల తడి ఉంటే అదే దోషి. సిలిండర్ మార్చి, ఆ లైన్లో గాలి తీయాలి. డబ్బా మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది, మీ బండి పుస్తకంలో ఏది రాసుంటే అదే పోయండి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, గాల్లో తేమ పీల్చుకుంటే అది 140 దాకా పడిపోవచ్చు, అందుకే రెండేళ్ళకోసారి మొత్తం మార్చమనేది. దొరకలేదని ఇంజన్ ఆయిల్‌గానీ పవర్ స్టీరింగ్ ఆయిల్‌గానీ చుక్క కూడా పోయొద్దు, రబ్బర్లన్నీ ఉబ్బిపోయి మాస్టర్ సిలిండర్‌తో సహా అన్నీ మార్చాల్సొస్తుంది.

యాక్సిల్ ఆయిల్ అయితే సీల్ కొనేముందు హౌసింగ్ పైన ఉండే చిన్న బ్రీదర్ మూత చూడండి. వేలితో తిప్పితే తిరగాలి. మార్కెట్ బురదలో తిరిగే బండ్లకి అది మట్టితో గడ్డకట్టుకుపోతుంది, నడిచేకొద్దీ లోపల ఆయిల్ వేడెక్కి గాలి వ్యాకోచించి పోయే దారిలేక సీల్‌ని తోస్తుంది. పై ప్రశ్నలో చెప్పిందే ఇక్కడ కూడా, పాత బండి సీళ్ళు వాటంతట అవి పోయేవి కొన్నే, వెనక నుంచి ప్రెషర్ తోస్తే పోయేవి చాలా. చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి, ఆట ఉంటే బేరింగ్ కూడా మార్చాలి, బేరింగ్ ఊగుతుంటే కొత్త సీల్ నిలవదు.

ఏ ఆయిల్ అయినా తడిసిన బ్రేక్ షూలు పెట్రోల్‌తో కడిగి, మంట చూపించి మళ్ళీ వేస్తామంటే ఒప్పుకోకండి. లైనింగ్ లోపలికి పీల్చుకున్న ఆయిల్ వేడికి మళ్ళీ పైకి వస్తుంది. రెండు వైపులా కొత్తవి వేయించండి, ఒక వైపే వేస్తే ఆ లాగుడు పోదు.

ప్రశ్న: నమస్తే అండీ, మేం బొమ్మనహళ్ళిలో ఉంటాం, మా ఆయన పికప్ నడుపుతారు, లెక్కలు నేను చూస్తాను. రేడియేటర్‌లో వారం వారం నీళ్ళు తగ్గుతున్నాయి, కింద ఎక్కడా చుక్క లేదు. ఇంట్లో బోరు నీళ్ళే పోస్తున్నాం. దీనికి ఎంత ఖర్చవుతుందో అని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, తక్కువ ఖర్చు వాటితో మొదలుపెడదాం. వేడి ఇంజన్ మీద పడిన చుక్క నేల దాకా రాకుండానే ఆవిరైపోతుంది, అందుకే పొద్దున్నే బండి స్టార్ట్ చేయకముందు చూడమనండి. హోస్‌లు చల్లారినప్పుడు కాస్త ముడుచుకుంటాయి, క్లిప్పులు వదులైతే ఆ టైంలోనే చెమ్మ కనిపిస్తుంది. వాటర్ పంప్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, దాని కింద తెల్లగానో పచ్చగానో చార కట్టి ఉంటే లోపలి సీల్ పోయినట్టు, పంప్ మార్చాలి. ఆ రంధ్రం పెట్టిందే ఆ సంగతి చెప్పడానికి, దాన్ని ఎం-సీల్‌తో మూసేస్తే నీళ్ళు బేరింగ్‌లోకి పోయి పంప్ దారిలో పట్టేస్తుంది.

అక్కడ ఏమీ లేకపోతే రేడియేటర్ మూత మార్చండి, దీనంత చవకైన రిపేర్ ఇంకోటి లేదు. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 0.9 బార్ మూత గట్టిగా పట్టి ఉంటే అదే నీళ్ళు 117 దాకా ఆగుతాయి. మూత రబ్బరు ఎండిపోతే ట్రాఫిక్‌లో నీళ్ళు మరిగి ఓవర్‌ఫ్లో గొట్టంలో పోతాయి. మూత మీద రాసిన నంబరుదే కొనండి. వేడి మీద మాత్రం మూత విప్పనివ్వకండి, మొహం కాలిపోతుంది.

ఇక్కడిదాకా వచ్చి కూడా తగ్గుతుంటే షెడ్డులో రేడియేటర్ నోటికి చేతి పంపు బిగించి, మూత మీద రాసినంత ప్రెషర్ కొట్టి పది పదిహేను నిమిషాలు ఉంచమనండి. పంపు మీటర్ ముల్లు పడిపోతూ బయట ఎక్కడా తడి లేకపోతే నీళ్ళు ఇంజన్ లోపలికి పోతున్నట్టు. ఆయిల్ మూత కింద కాఫీ రంగులో నురగ, సైలెన్సర్ నుంచి ఆగని తెల్ల పొగ, ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ గట్టిపడడం, ఇవి కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ప్యాకింగ్) పోయినట్టు, అది పెద్ద ఖర్చే, కానీ అలాగే నడిపితే హెడ్ వంగి ఇంకా పెద్దదవుతుంది.

బోరు నీళ్ళు ఈరోజు నుంచే మానేయండి. ఆ ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో పొలుసులా కడుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది కానీ విషం, కిందపడితే వెంటనే కడిగేయండి, పిల్లలు ముట్టుకుంటారు, వీధి కుక్కలు నాకుతాయి. తీసిన పాత కూలెంట్, పాత ఆయిల్ మోరీలో పోయొద్దని కూడా ఆయనకి చెప్పండి, మడివాళ, అగర మీదుగా మీ వైపు నీళ్ళు చేరేది బెళ్ళందూరు చెరువులోకే. డబ్బాలో పట్టి పాత ఆయిల్ తీసుకునే షెడ్డుకి ఇవ్వండి.

ప్రశ్న: లీకులు ఆపే లిక్విడ్ బాటిల్ అమ్ముతారు కదా, అది పోస్తే సరిపోదా? (హెబ్బాళ్)

జవాబు: రేడియేటర్‌లో పోసేది దారి మధ్యలో ఇల్లు చేరడానికి పనికొస్తుంది, ఆ తర్వాత సిస్టం మొత్తం కడిగించాలి, లేకపోతే సన్న గొట్టాలు అదే మూసేస్తుంది. ఇంజన్ ఆయిల్‌లో కలిపేది ఎండిన రబ్బరు సీళ్ళని కొంచెం మెత్తబరుస్తుంది, చిన్న చెమ్మకి కొన్నాళ్ళు ఆగొచ్చు, చిరిగిన సీల్‌కీ గాడి పడిన క్రాంక్‌కీ ఏమీ చేయదు. బ్రేక్ ఆయిల్‌లో అయితే ఏ బాటిలూ వద్దు. డీజిల్ లీకుకి కూడా వద్దు, ముఖ్యంగా కామన్ రైల్ ఇంజన్ అయితే ఆ పైపుల్లో వెయ్యి బార్లు దాటిన ప్రెషర్ ఉంటుంది, ఇంజన్ నడుస్తుండగా ఎక్కడ కారుతోందో అని చెయ్యి పెట్టి తడమకండి, సూదిలా చర్మంలోకి దిగుతుంది. బయటికి చిన్న గాయంలా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాలి, డీజిల్ ఎక్కిందని డాక్టర్‌కి చెప్పాలి. ఇంజన్ ఆపి, కాసేపు ఆగి, అట్ట ముక్కతో అద్ది తడి ఎక్కడుందో వెతకండి.