ఈత అంతంత మాత్రం, వయసు నలభై దాటింది: గ్రీన్‌లాండ్ పద్ధతి కయాకింగ్ నేర్చుకోవచ్చా?

మీరు అడిగినవి మూడు. ఈత సరిగ్గా రానివాళ్ళు, నలభై దాటినవాళ్ళు గ్రీన్‌లాండ్ వేటగాళ్ళ పద్ధతిలో కయాక్ (ఒక్కరే కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి పడవ) నడపడం నేర్చుకోగలరా? అది నేర్పే మూడు రోజుల క్యాంపుకి తెలిసినవాళ్ళెవరూ లేకుండా ఒక్కరే వెళితే ఇబ్బందిగా ఉంటుందా? ముందుగా ఏమేం కొనాలి? నేర్చుకోగలరు, ఇబ్బంది ఉండదు, దాదాపు ఏమీ కొనక్కర్లేదు. ఇలా ఒక్క ముక్కలో చెప్పేస్తే మీ టెన్షన్ తగ్గదని నాకు తెలుసు. కొన్నేళ్ళ క్రితం సరిగ్గా ఇవే ప్రశ్నలు నాకూ ఉండేవి. అందుకే నాకు జరిగింది చెబుతాను.

మాది కోనసీమ. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వైపు దిగడం తెలుసు గానీ తెడ్డు చేత్తో పట్టింది లేదు. 86 వరదలప్పుడు నాకు ఆరేళ్ళు. నీళ్ళు మా అరుగు ఎక్కి గడప దాకా రావడం, రాత్రంతా అందరం అటక మీద కూర్చోవడం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. గోదారి మీద ప్రేమ పోలేదు గానీ, ముఖం నీళ్ళలో పెట్టాలంటే గుండె దడదడలాడేది. అమెరికా వచ్చి వాషింగ్టన్ రాష్ట్రంలో స్థిరపడ్డాక, పిల్లల ఈత క్లాసులతో పాటు నేనూ చేరి, పూల్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు ఎలాగో చేరుకునేంత నేర్చుకున్నాను. క్యాంపుకి వెళ్ళేనాటికి నాకు వచ్చిన ఈత అంతే, వయసు నలభై రెండు.

నేను వెళ్ళింది హుడ్ కెనాల్ ఒడ్డున ట్వానో స్టేట్ పార్క్‌కి. పేరుకి కెనాల్ గానీ అది సముద్రపు పాయ. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఉప్పునీటి తీరాల్లో కాస్త వెచ్చగా ఉండే చోట్లలో అదొకటి కాబట్టి నేర్చుకునేవాళ్ళకి అనువుగా ఉంటుంది. ఒడ్డంతా ఆయిస్టర్ గుల్లలు, కత్తుల్లా ఉంటాయి. ఉత్త కాళ్ళతో దిగొద్దు.

మొదటి రోజు పొద్దున నాకు బాగా జరగలేదు. అది దాచను. సాయం చేయడానికి వచ్చిన ఒకాయన చాలా ఉత్సాహవంతుడు. అరగంటలో నాచేత రోల్ చేయించాలని చూశాడు. రోల్ అంటే కయాక్‌తో సహా బోల్తా పడి, అందులోంచి బయటికి రాకుండానే మళ్ళీ పైకి లేవడం. నేను తలకిందులయ్యాను. ముక్కులోంచి నీళ్ళు నెత్తికెక్కాయి, ఏది పైనో ఏది కిందో తెలియలేదు. నీళ్ళు లోపలికి రాకుండా నడుము చుట్టూ బిగించి కయాక్ అంచుకి తొడిగే స్కర్ట్‌కి ముందువైపు ఒక పట్టీ ఉంటుంది, దాన్ని లాగితే బయటికి వచ్చేస్తాం. ఒడ్డున నాలుగుసార్లు లాగి చూసుకున్నదే, నీళ్ళ కింద ఆ క్షణాన గుర్తు రాలేదు. చివరికి చేతికి తగిలింది, లాగాను, బయటపడ్డాను. గట్టు మీద టవల్ కప్పుకుని గంటసేపు కూర్చున్నాను. సామాను సర్దుకుని ఇంటికి పోదామనుకున్నాను.

అప్పుడు అక్కడే నేర్పుతున్న ఒక పెద్దావిడ నా పక్కన వచ్చి కూర్చున్నారు. అరవై దాటి ఉంటాయి, బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారట. "ఈ రోజుకి రోల్ మాట మర్చిపోండి. నీళ్ళ మీద పడుకోవడం నేర్పుతాను, అది చాలు" అన్నారు. నా కయాకింగ్ నిజంగా మొదలైంది ఆ మాటతోనే. మీకు నేను చెప్పదలుచుకున్నది కూడా అదే. రోల్ కోసం వెళ్ళకండి, పడుకోవడం నేర్చుకోవడానికి వెళ్ళండి.

ఆవిడ ఏం చేయించారో వివరంగా చెబుతాను. నడుము లోతు నీళ్ళలో నా కయాక్ పక్కన నిలబడి, రెండు చేతులూ నా భుజాల కింద పెట్టారు. నేను కూర్చున్నచోటి నుంచే ఒంటిని పక్కకి తిప్పి, మంచం మీద వెల్లకిలా పడుకున్నట్టు వీపును నీళ్ళ మీదికి వాల్చాలి. రెండు భుజాలూ నీటికి సమంగా ఆనాలి, నడుము విల్లులా వంగాలి, తల వెనక్కి వాలిపోవాలి. మోకాలు మాత్రం కయాక్ పైకప్పుకి లోపల్నుంచి ఆనించి ఉంచాలి. ఇలా ఉంటే కయాక్ ఒక పక్కకి ఒరిగి ఆగిపోతుంది, మనం నీళ్ళ మీద తేలుతూ ఉంటాం. "మీ తల బరువు నాకు ఇచ్చేయండి" అని ఆవిడ పదే పదే అన్నారు. నేను ఇచ్చానని అనుకునేదాన్ని, మెడ మాత్రం కర్రలా బిగుసుకునే ఉండేది. ఎన్నోసారో చెప్పలేను, చెవులు మునిగి బయటి చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి, మెడ దానంతటదే వదిలింది. ఆకాశం, అంచున ఫర్ చెట్ల కొసలు, అంతే కనిపించాయి. ఆవిడ ఎప్పుడు చేతులు తీసేశారో నాకు తెలియదు. నీళ్ళు నన్ను మోస్తున్నాయి. ఆరేళ్ళప్పటి నుంచి ఉన్న భయం ఆ మధ్యాహ్నం చాలావరకు కరిగిపోయింది.

రోల్ రహస్యమంతా ఇందులోనే ఉందని తర్వాత అర్థమైంది. మునిగినవాడు మొదట చేసే పని తల పైకెత్తడం. బరువైన తల ముందుగా నీళ్ళలోంచి లేస్తే, ఆ బరువే కయాక్‌ని మళ్ళీ కిందికి తిప్పేస్తుంది. అందుకే ముందు మోకాలితో కయాక్‌ని తిప్పాలి, తర్వాత ఒళ్ళు కయాక్ వెనక పైకప్పు మీదికి జారాలి, అన్నిటికన్నా ఆఖరున తల రావాలి. గ్రీన్‌లాండ్ కయాక్ వెనక భాగం అంత పల్లంగా ఉండటం ఇందుకు బాగా కలిసొస్తుంది. నేను మొదటిసారి పూర్తి రోల్ చేసింది ఆ క్యాంపులో కాదు, మూడు నెలల తర్వాత పూల్‌లో.

ఇక తెడ్డు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. మామూలు కయాక్ తెడ్డుకి చివర్లు గరిటెల్లా వెడల్పుగా ఉంటాయి. గ్రీన్‌లాండ్ తెడ్డు సన్నగా, పొడుగ్గా, చూడటానికి ఉత్త కర్రలా ఉంటుంది. దాని పొడవు ఎంతుండాలని అడిగితే, క్యాంపులో తెడ్లు చెక్కుతున్న ఒకాయన రెండు చేతులూ బార చాపమన్నారు. ఈ చేతి వేలి కొస నుంచి ఆ చేతి వేలి కొస వరకు కొలిచి, దానికి మోచేతి నుంచి మధ్యవేలి కొస వరకు కలిపారు. ఒక బార, ఒక మూర! మా వీధిలో మల్లెపూలమ్మే ఆవిడ మోచేత్తో మూరలు కొలిచి ఇచ్చినట్టే. నా బార 64 అంగుళాలు, మూర 17, కాబట్టి నా తెడ్డు 81 అంగుళాలు. మధ్యలో పట్టుకునే భాగం భుజాలంత, చివర వెడల్పు దాదాపు బెత్తెడు, అంటే నా గుప్పిట్లో ఇమిడేంత. కయాక్‌కీ ఇలాంటి కొలతే చెబుతారు: పొడవు సుమారు మూడు బారలు, వెడల్పు మన తుంటి మీద రెండు పిడికిళ్ళు ఎక్కువ. ఎవరి కయాక్ వాళ్ళ ఒంటికి కుట్టించుకున్న జాకెట్టులా ఉంటుందన్నమాట. ఇవి చట్టాలేం కావు, మొదలుపెట్టడానికి ఆనవాళ్ళు. చెక్కేకొద్దీ చెయ్యే చెబుతుంది ఇంకెంత తీయాలో.

ఈ తెడ్డు వేసేటప్పుడు పై అంచు కొంచెం ముందుకి వాలి ఉండాలి. నిటారుగా పట్టుకుంటే అది నీళ్ళలో అటూ ఇటూ వణుకుతుంది, వెనక బుడగలు లేచి గుళగుళమంటుంది. వాలు సరిగ్గా కుదిరితే చప్పుడే ఉండదు. గ్రీన్‌లాండ్‌లో సీల్ అనే సముద్ర జంతువుని వేటాడేవాడికి ఆ నిశ్శబ్దం ఎంత అవసరమో ఆలోచించండి. గాలి కూడా దీన్ని పెద్దగా పట్టదు, భుజాలు తొందరగా నొప్పి పుట్టవు. మన వయసువాళ్ళకి ఇది నిజంగా పెద్ద ఊరట.

వేట అన్నాను కాబట్టి ఒక మాట. ఇది సరదా కోసం పుట్టిన విద్య కాదు. కయాక్‌ని గ్రీన్‌లాండ్ భాషలో ఖయఖ్ అంటారు. చెట్లు దాదాపు లేని ఆ దేశంలో, సముద్రంలో కొట్టుకొచ్చిన కలపతో చట్రం కట్టి, సీల్ చర్మం కప్పేవారు. నీళ్ళు చొరకుండా ఆ చర్మాన్ని కుట్టింది ఆడవాళ్ళు. మగవాడు ఒక్కడే మంచునీళ్ళ మీదికి వెళ్ళేవాడు. వాళ్ళలో చాలామందికి ఈత రాదు, వచ్చినా ఆ చలిలో ఈత ఎంతోసేపు కాపాడదు. కయాక్‌లోంచి బయటపడితే చావే, కాబట్టి అందులో ఉండే పైకి లేవాలి. తెడ్డు జారిపోతే ఎలా లేవాలి, ఒక చెయ్యి ఈటె తాడులో చిక్కుకుంటే ఎలా లేవాలి, ఇలా ఒక్కో ఆపదకి ఒక్కో రోల్ పుట్టింది. ఇవాళ గ్రీన్‌లాండ్ పోటీల్లో 30కి పైగా రకాలు చేస్తారు. ఈటె విసిరే చిన్న చెక్కతో, ఉత్త చేత్తో, చివరికి చేతిలో బరువైన రాయి పట్టుకుని కూడా లేస్తారు. ఒక పక్క పడి రెండో పక్క లేచే మామూలు రోల్ పేరు కింగుఫిక్ పార్లల్లుగు. అందరూ మొదట నేర్చుకునేది అదే.

మోటారు పడవలు వచ్చాక ఈ విద్య అక్కడే చాలాచోట్ల మరుగున పడింది. 1980లలో గ్రీన్‌లాండ్ రాజధాని నూక్‌లోని యువకులు పూనుకుని క్లబ్బులు పెట్టి, పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని మళ్ళీ నేర్చుకున్నారు. ఆ క్లబ్బులన్నిటి సంఘం పేరు ఖానత్ కత్తుఫియత్. ఏటా జాతీయ పోటీలు నడిపేది వాళ్ళే. 1998లో 16వ ఏటే అక్కడ ఛాంపియన్ అయిన మాలిగియాక్ పడిల్లా తర్వాత అమెరికా వచ్చి చాలామందికి నేర్పాడు. ఆ సంఘానికి అమెరికాలో ఉన్న శాఖే ఖయాక్ యూఎస్ఏ. మీలాంటివాళ్ళు క్యాంపుల వివరాల కోసం మొదట చూడాల్సింది వాళ్ళనే. మనం అరువు తెచ్చుకున్న విద్య ఇది. ఆ పేర్లు సరిగ్గా పలకడానికి ప్రయత్నించడం, ఎవరిదో తెలుసుకుని నేర్చుకోవడం మన కనీస మర్యాద అని నా నమ్మకం.

ఒక్కరే వెళ్ళడం గురించి. నేను వెళ్ళినచోట నేర్పేవాళ్ళంతా జీతం లేకుండా వచ్చినవాళ్ళే. ఎవరి కయాక్ అయినా అడిగితే కూర్చుని చూడమనేవారు. చెట్ల మధ్య రెండు తాళ్ళు బిగించి వాటి మీద ఒళ్ళు తిప్పే ఆట ఒకటి ఉంటుంది, గ్రీన్‌లాండ్‌లో వేటగాళ్ళు ఒంట్లో బలం, నిలకడ తగ్గకుండా చేసే కసరత్తు అది. దాని దగ్గర చేరిన పిల్లలతో ఐదు నిమిషాలు గడిపితే చాలు, కొత్తదనం పోతుంది. మధ్యాహ్నం టీ తాగే వేళకి నాకు పది పేర్లు తెలిశాయి.

కొనడం గురించి కచ్చితంగా చెబుతున్నాను: కయాక్ కొనకండి, తెడ్డు కొనకండి. టుయిలిక్ అని ముఖం, మణికట్లు, కయాక్ అంచు మూడుచోట్లా బిగిసే పొడుగు కోటు ఒకటుంటుంది. అదీ అక్కడ అరువిస్తారు, మీ సైజు ముందే రాసి అడగండి. ఒంటికి నీళ్ళు తగలనివ్వని డ్రైసూట్ దొరికితే అద్దెకి తీసుకోండి. ఎండ ఎంత ఉన్నా నీళ్ళ చలికి తగ్గట్టే దుస్తులు వేసుకోవాలి, ఇందులో మొహమాటం వద్దు. కొనాల్సింది ముక్కుకి పెట్టుకునే క్లిప్, గట్టి అడుగున్న నీటి బూట్లు. ముక్కు క్లిప్ చిన్న వస్తువే గానీ నా మొదటి పొద్దున అది ఉండి ఉంటే సగం భయం ఉండేది కాదు. లైఫ్ జాకెట్ తీయకండి. మరీ సన్నటి కయాక్‌లో కూర్చోమంటే, తొడలు తిమ్మిరెక్కితే, వెంటనే చెప్పి వెడల్పాటిది అడగండి. ఒక్కరే ఎప్పుడూ ప్రాక్టీసు చేయకండి, క్యాంపు నుంచి వచ్చాక కూడా.

ఎవరైనా తొందరపెట్టి రోల్ చేయిద్దామంటే, "ఈ రోజు పడుకోవడం మాత్రమే నేర్చుకుంటాను" అని చెప్పేయండి. ఎవరూ ఏమీ అనుకోరు. ఇప్పటి నుంచే ఇంట్లో రోజూ కాసేపు చాప మీద కూర్చుని, కాళ్ళు కదపకుండా నడుము తిప్పి పక్కకి వెల్లకిలా వాలడం అలవాటు చేసుకోండి. మొదట్లో ఒక పక్క పట్టేస్తుంది, రెండు వారాల్లో సాగుతుంది. వెళ్ళేముందు ఇంట్లోవాళ్ళ చేత మీ బార, మూర కొలిపించి కాగితం మీద రాసుకోండి. తెడ్డు చెక్కేచోట మొదట అడిగేది అదే.