డౌన్‌లోడ్స్ పోలేదు, పిన్ ఊడిందంతే

ప్రశ్న: ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎడమవైపు ఉండే డౌన్‌లోడ్స్ మీద రైట్ క్లిక్ చేసి పొరపాటున ఏదో నొక్కాను. అది మాయమైపోయింది. జీతం స్లిప్పులు, పిల్లల హాల్‌టికెట్లు అన్నీ అందులోనే ఉన్నాయి. రీసైకిల్ బిన్‌లోనూ లేవు. రికవరీ సాఫ్ట్‌వేర్ ఏదైనా వేయమంటారా? (ఖమ్మం నుంచి ఒక ఉపాధ్యాయిని)

జవాబు: వద్దు మేడమ్, ఏ సాఫ్ట్‌వేరూ వేయొద్దు. మీ ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. నిజంగా డిలీట్ అయితే మామూలుగా రీసైకిల్ బిన్‌లో దొరకాలి, అక్కడ లేవంటేనే సగం టెన్షన్ తగ్గించుకోవచ్చు. మీరు నొక్కింది 'అన్‌పిన్ ఫ్రమ్ క్విక్ యాక్సెస్' అయి ఉంటుంది. ఎడమవైపు కనిపించేది అసలు ఫోల్డర్ కాదు, అక్కడికి తీసుకెళ్లే దారి మాత్రమే. గేటుకున్న నేమ్‌బోర్డు ఊడిపడితే ఇల్లు పోయినట్టు కాదుగా.

అర్జెంటుగా ఫైలు కావాలంటే బ్రౌజర్ తెరిచి కంట్రోల్ జె నొక్కండి. ఈమధ్య దింపుకున్నవి వరసగా కనిపిస్తాయి, ఒకదాని పక్కనున్న ఫోల్డర్ బొమ్మ నొక్కితే నేరుగా డౌన్‌లోడ్స్‌లోకే వెళ్తారు. ఎడమవైపుకి మళ్లీ తెచ్చుకోవాలంటే సి డ్రైవ్‌లోకి వెళ్లి యూజర్స్ తెరవండి, అందులో మీ పేరుతో ఉన్న ఫోల్డర్ తెరిస్తే డౌన్‌లోడ్స్ ఉంటుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి 'పిన్ టు క్విక్ యాక్సెస్' అనండి. విండోస్ 10 అయినా 11 అయినా పని ఇదే, మెనూలో మాటలు నాలుగు అటూఇటూగా ఉంటాయి.

ఈ ఉత్తరం నాకు నెలనెలా ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. ఒకరికి డౌన్‌లోడ్స్, ఇంకొకరికి డాక్యుమెంట్స్, మరొకరికి ఆఫీసు సర్వర్‌లోని ఫోల్డర్. మనుషులు మారుతున్నారు, జరిగేది అదే. ఇంతమంది ఒకే చోట కాలు జారుతుంటే తప్పు నడిచేవాళ్లది అనుకోను. అసలు ఫోల్డరుకీ దాని పిన్నుకీ ఒకే బొమ్మ పెట్టారు. తేడా ఏమిటయ్యా అంటే పక్కన చిన్న గుండుసూది గుర్తు, అది కూడా కళ్లజోడు ఉన్నవాళ్లకే. ఒక చిన్న టెక్స్ట్ ఫైలు తీసేస్తే అది బిన్‌లో పడుతుంది, వెనక్కి తెచ్చుకునే దారి ఉంటుంది. రోజుకు ఇరవైసార్లు వాడే దారిని మాత్రం ఒక్క క్లిక్కుతో, 'నిజంగా తీసేయమంటారా' అన్న ఒక్క మాట కూడా అడక్కుండా తీసేస్తుంది. పైగా ఈ గందరగోళం రెండువైపులా ఉంది. పిన్ తీసేస్తే ఫైళ్లకేమీ కాదు గానీ, ఆ పిన్ ద్వారా లోపలికి వెళ్లి ఒక ఫైలు డిలీట్ చేస్తే అది నిజంగానే పోతుంది. 'ఇది షార్ట్‌కట్టే కదా' అనుకుని లోపలున్నవన్నీ ఎంచక్కా ఊడ్చేసి, తర్వాత లబోదిబోమన్నవాళ్లు నాకు తెలుసు.

పేర్ల సంగతి చెప్పక్కర్లేదు. ఈ పిన్నులుండే చోటుని ఒకప్పుడు ఫేవరిట్స్ అన్నారు, 2015లో విండోస్ 10 వచ్చి క్విక్ యాక్సెస్ చేసింది, విండోస్ 11కి 2022లో వచ్చిన అప్‌డేట్‌లో మొదట తెరుచుకునే పేజీకి హోమ్ అని పేరు పెట్టారు, ఆ తర్వాత దాని కింద గ్యాలరీ వచ్చి చేరింది. అడిగినవాడెవడో తెలియదు. అరవై ఏళ్ల పెద్దమనిషి ఒకసారి కష్టపడి నేర్చుకున్నది రెండేళ్లకొకసారి చెరిపేసి దానికి కొత్తదనం అని పేరు పెడితే, ఆయన చివరికి ఏం చేస్తాడు? నెట్‌లో వెతుకుతాడు.

నా భయం అక్కడే మొదలవుతుంది, అందుకే ఈవారం మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి దీన్నే సాగదీస్తున్నాను. 'పోయిన ఫోల్డర్ తిరిగి పొందడం ఎలా' అని వెతికితే వచ్చే వాటిలో సగం ఏదో ఒక రికవరీ టూల్ అంటగట్టేవి, కొన్ని 'హెల్ప్‌లైన్' అంటూ ఫోన్ నంబరిచ్చి స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించేవి. వాటి గురించి పేపర్లలో రోజూ వస్తూనే ఉంది, మళ్లీ చెప్పను. ఇప్పుడు తిరుగుతున్నది వేరే రకం.

2024 నుంచి క్లిక్‌ఫిక్స్ అనే మోసం బాగా పెరిగింది. ఒక పేజీ తెరుస్తారు, 'మీరు మనిషో రోబోనో నిరూపించుకోండి' అంటుంది. టిక్ పెట్టగానే మీకు తెలియకుండా ఒక కమాండ్ కాపీ అయిపోతుంది. తర్వాత విండోస్ కీతో ఆర్ నొక్కమని, కంట్రోల్ వి నొక్కమని, ఎంటర్ కొట్టమని వరసగా చెబుతుంది. చేతులారా మనమే వైరస్‌ని నడుపుతాం. అలా విండోస్ కీతో ఆర్ నొక్కితే తెరుచుకునే రన్ బాక్స్ అంటే కొంతమందికైనా అనుమానం వస్తుంది కదా, అందుకని 2025 జూన్‌లో దీనికి ఒక తమ్ముడు బయటపడ్డాడు, పేరు ఫైల్‌ఫిక్స్. వీడు వాడేది మీరు అడిగిన ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌నే.

ఎలాగంటే, 'మీతో ఒక ఫైల్ షేర్ చేశారు, దాని అడ్రస్ కాపీ చేసి ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో పేస్ట్ చేయండి' అని పేజీ చెబుతుంది. కింద చూపించే అడ్రస్ చూడ్డానికి చక్కగా సి డ్రైవ్‌తో మొదలై ఏదో వర్డ్ ఫైలు పేరుతో ముగుస్తుంది. ఒక బటన్ నొక్కితే కాపీ అవుతుంది, అదే బటన్ ఎక్స్‌ప్లోరర్ కిటికీని కూడా తెరుస్తుంది. పైన అడ్రస్ బార్‌లో పేస్ట్ చేస్తే అదే అడ్రస్ కనిపిస్తుంది, అనుమానం ఎందుకొస్తుంది? కానీ కాపీ అయినదాంట్లో మొదట పవర్‌షెల్ కమాండ్, అంటే విండోస్‌కి నేరుగా ఇచ్చే ఆజ్ఞ ఉంటుంది, ఆ తర్వాత హ్యాష్ (#) గుర్తు, ఆ తర్వాత బోలెడు ఖాళీ, చిట్టచివర్న ఆ అడ్రస్. హ్యాష్ తర్వాత ఏమున్నా కంప్యూటర్ పట్టించుకోదు, ముందున్నది మాత్రం నడిపేస్తుంది. అడ్రస్ బార్ ఇరుకు కాబట్టి మన కంటికి చివరి ముక్కే కనిపిస్తుంది. ఫోల్డర్లు తెరవడానికి పెట్టిన పెట్టెలో కమాండ్లు కూడా ఎందుకు నడవాలో, ఇంట్లో వాడుకునే మామూలు మనిషికి దాని అవసరమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇలా లోపలికొచ్చేవి ఎక్కువగా సమాచారం దోచే రకాలు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లతో పాటు లాగిన్ కుకీలనూ, అంటే మీరు లాగినై ఉన్నారని బ్రౌజర్ దాచుకునే గుర్తులనూ ఎత్తుకుపోతాయి. కుకీ దొరికితే చాలు, మీరు అప్పటికే లాగినై ఉన్నట్టు మీ మెయిల్లోకి నడిచి వెళ్లొచ్చు, ఓటీపీ అడిగే పనే ఉండదు. లమ్మా అనే ఇలాంటి దాని మీద 2025 మేలో కంపెనీలు, పలు దేశాల దర్యాప్తు సంస్థలు కలిసి పడి అది వాడుకునే దాదాపు 2,300 డొమైన్లు (వెబ్ అడ్రస్‌లు) మూయించాయి. ఆ ఒక్కదాని వ్యాపారమే అంత.

కాబట్టి ఏ వెబ్‌సైటైనా దేన్నైనా కాపీ చేసి రన్ బాక్స్‌లోనో అడ్రస్ బార్‌లోనో వేయమంటే ఆ ట్యాబ్ మూసేయండి. ఇప్పటికే వేసేసి ఉంటే ముందు నెట్ తీసేయండి, పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్ నుంచి కాకుండా ఫోన్ నుంచి మార్చండి, మెయిల్లో 'అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్' అన్నది తప్పక చేయండి, పాస్‌వర్డ్ మార్చేసి ఊరుకుంటే పాత కుకీ ఇంకా పనిచేసే ప్రమాదం ఉంది. ఆ కంప్యూటర్‌ని ఫార్మాట్ చేయించే దాకా బ్యాంకు పనులకు వాడొద్దు. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: ప్రింట్ కోసం పెన్‌డ్రైవ్ జిరాక్స్ షాపులో ఇచ్చాను. ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయాయి. (గుంటూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: పైన అడిగిన మేడమ్‌కి షార్ట్‌కట్ పోయింది, నీకు కావాల్సిన దానికంటే ఎక్కువొచ్చాయి. పాత వైరస్సే బాబూ, అసలు ఫోల్డర్లని దాచేసి వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. నొక్కితే ముందు వైరస్ నడుస్తుంది, తర్వాత ఫోల్డర్ తెరుచుకుంటుంది కాబట్టి అంతా బాగానే ఉందనిపిస్తుంది. వాటిని ముట్టుకోకు. ముందు యాంటీవైరస్‌తో స్కాన్ చెయ్యి. తర్వాత ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌కెళ్లి దాచిన ఫైళ్లు చూపించమను, 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' టిక్ తీసెయ్యి. అసలు ఫోల్డర్లు కాస్త మసకగా కనిపిస్తాయి. లోపలున్న ఫోటోలు, డాక్యుమెంట్లు మాత్రమే కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చెయ్యి. టిక్ మళ్లీ పెట్టడం మర్చిపోకు.

ఇకముందు పెన్‌డ్రైవ్ బదులు వాట్సాప్‌లో పంపిస్తాననుకుంటున్నావేమో. వైరస్ రాదు నిజమే, కానీ ఆ షాపు కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఎప్పుడైనా చూశావా? ఊరందరి ఆధార్‌లు, మార్కుల మెమోలు, పాస్‌పోర్టు ఫోటోలు అందులోనే పడి ఉంటాయి. ప్రింట్ చేతికొచ్చాక ఎదురుగా నిలబడి నీ ఫైలు తీయించు, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించు. వెనక లైను ఉందని ఆయన విసుక్కుంటాడు, విసుక్కోనీ.