ఆ రాత్రి డ్యూటీలో ఉన్నానంటున్నాడు... చెల్లెలి కేసు నిలుస్తుందా?

ప్రశ్న: ఏడాది కిందట తెనాలిలో మా ఇంట్లోనే, రాత్రి పదకొండు ప్రాంతంలో, తెలిసినవాడే మా చెల్లెలిపై అత్యాచారం చేశాడు. వచ్చే నెల సెషన్స్ కోర్టులో చెల్లెలి సాక్ష్యం ఉంది. ఆ రాత్రి తాను విజయవాడలో గోడౌన్ డ్యూటీలో ఉన్నానని అతను అంటున్నాడు. రాత్రి 9.50కి లోపలికి, ఉదయం 6.05కి బయటికి అని పంచింగ్ రికార్డు చూపిస్తున్నాడు. మా వైపు చూసినవాళ్లెవరూ లేరు. కేసు కొట్టేస్తారేమోనని ఒకటే టెన్షన్. - ఒక అక్క

జవాబు: చూసినవాళ్లు లేరని దిగులు పడకండమ్మా. ఇలాంటి నేరం నలుగురి ముందు జరగదని కోర్టులకూ తెలుసు. బాధితురాలి మాట నమ్మదగ్గదైతే దానికి ఇంకొకరి సాక్ష్యం తోడు అక్కర్లేదని 1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే ఒక్కరి మాట మీదే శిక్ష వేయాలంటే ఆ మాట గట్టిగా ఉండాలి. పోలీసులకు మొదట చెప్పిన దగ్గర్నుంచి బోనులో చెప్పేదాకా ఒకే తీరుగా ఉండాలని, క్రాస్‌లో, అంటే అవతలి లాయర్ ప్రశ్నల ముందు, నిలబడాలని 2012లో రాయ్ సందీప్ తీర్పు చెబుతుంది. చిన్నాచితకా తేడాలతో కేసు పోదు. మనిషి, చోటు, జరిగిన పని మారితేనే ఇబ్బంది.

ఇక అతని వాదన. నేరం జరిగినప్పుడు వేరేచోట ఉన్నాననడాన్ని మా లాయర్లం అలిబీ అంటాం. ఆమె మాటను ఒక తక్కెడలో, అతని రికార్డును ఇంకో తక్కెడలో పెట్టి తూస్తారనుకుంటారు చాలామంది. అలా కాదు. నేరం జరిగిన చోట అతను ఉన్నాడని ముందు ప్రాసిక్యూషన్, అంటే కేసు నడిపే ప్రభుత్వ పక్షం, రుజువు చేయాలి. ఆ తర్వాతే, అక్కడ లేనని రుజువు చేసుకునే భారం అతని మీద పడుతుంది. కొత్త సాక్ష్య చట్టంలో ఇది 106వ సెక్షన్, పాతదాంట్లో 103. 'వేరేచోట ఉన్నాను' అంటే చాలదు, ఆ సమయంలో ఇక్కడ ఉండే వీలే లేదని తేలాలి.

మీ కేసులో రికార్డు చెప్పేది రెండు క్షణాల గురించే. మధ్యలో ఎనిమిది గంటలకు పైగా ఉంది. విజయవాడ నుంచి తెనాలికి బండి మీద గంట ప్రయాణం. గేటు దగ్గర సీసీ కెమెరా ఉందా? రాత్రి సూపర్‌వైజర్ ఎవరు? పంచ్ వేలిముద్రతోనా, ఎవరైనా గీకగలిగే కార్డుతోనా? ప్రింటౌట్‌కు కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్ ఉందా? ఒక కేసులో నేను చూసిన హాజరు పుస్తకంలో నెల మొత్తం సంతకాలు ఒకే ఇంకుతో, ఒకే సిట్టింగ్‌లో పెట్టినట్టున్నాయి! ఫోన్ టవర్ లొకేషన్ తెచ్చినా, అది ఫోన్ ఎక్కడుందో చెబుతుంది గానీ మనిషి ఎక్కడున్నాడో కాదు.

అలాగని తేలిగ్గా తీసుకోకండి. డిఫెన్స్ (నిందితుడి తరఫు) సాక్షులను కూడా ప్రాసిక్యూషన్ సాక్షులతో సమానంగానే చూడాలని 1981లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పదకొండు గంటలకు అతను గోడౌన్‌లో ఉన్నట్టు నమ్మదగ్గ వీడియో ఏదైనా వస్తే, కోర్టుకు కలిగే అనుమానం వల్ల లాభం అతనికే. ఇంకోటి, అతని అలిబీ అబద్ధమని తేలినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. మీ చెల్లెలి సాక్ష్యం దాని కాళ్ల మీద అది నిలబడాలి.

ముందు ఎఫ్ఐఆర్‌లో, మేజిస్ట్రేట్ ముందు ఇచ్చిన వాంగ్మూలంలో తేదీ, సమయం ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే ఇప్పుడే పీపీ (ప్రభుత్వం తరఫున కేసు నడిపే లాయర్) గారికి చెప్పండి. మీరు సొంత లాయర్‌ను పెట్టుకోవచ్చు గానీ, సాక్షులను ఆయన నేరుగా ప్రశ్నించలేరు. పై ప్రశ్నలు రాసి పీపీ గారికి అందించగలరు. చెల్లెలికి మాత్రం ఏదీ బట్టీ పట్టించొద్దు. గుర్తులేనిదాన్ని గుర్తులేదనే చెప్పమనండి.