పెదవి కుట్టగానే పని అయిపోదు, అమ్మలూ

అమ్మలూ,

బ్యాంకు కోచింగ్ మానేసి, గ్రహణం మొర్రి పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేయించే సంస్థలో చేరావని, పాడేరు చుట్టుపక్కల ఊళ్లు నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దాని ఏడుపు దానిది. నాకు గర్వంగానే ఉంది. టెన్షనూ ఉంది. పిల్లల సర్జరీ వార్డులో పనిచేసినదాన్ని, ఈ పని ఎక్కడ చెడుతుందో తెలుసు.

మామూలు సంగతులు ట్రైనింగులో చెబుతారు. పది వారాల వయసు, దాదాపు నాలుగున్నర కిలోల బరువు, పది గ్రాముల హిమోగ్లోబిన్ అనేది పెదవి ఆపరేషన్‌కు పాత లెక్క. జలుబు చేస్తే వాయిదా. తల్లిపాలు నాలుగు గంటల ముందు, డబ్బాపాలు ఆరు గంటల ముందు ఆపాలి. బిడ్డ ఏడుస్తోందని నాయనమ్మ చాటుగా పట్టేస్తుంది, ఆవిడ మీద ఓ కన్నేసి ఉంచు.

చాలామంది పిల్లలు బరువు చాలక అక్కడే ఆగిపోతారు. అంగిలి చీలిన బిడ్డ రొమ్ము నోట పెట్టుకున్నా పాలు లాగలేదు. తల్లి చేత పాలు పిండించి, బిడ్డను నిటారుగా ఒళ్లో పెట్టుకుని ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టాలి. ముక్కులోంచి నాలుగు చుక్కలు రాగానే హడలిపోయి మానేస్తారు. నోటితో చెప్పి వచ్చేయకు, దగ్గర కూర్చుని ఒక పూట పట్టి చూపించు.

గ్రహణం రోజు కత్తిపీట ముట్టుకుందని కోడల్ని ఆడిపోసుకునే అత్తలు ఎదురవుతారు. నీకు నోరెక్కువ, అక్కడ వాదన పెట్టుకోకు. గ్రహణం ఎన్నో నెలలో పట్టిందమ్మా అని మెల్లగా అడుగు. అయిదో నెలనో ఆరో నెలనో అంటుంది. కడుపులో పెదవి ఏడో వారానికల్లా కలిసిపోవాలి, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే రూఢి కాదు. ఆ మాట కోడలి ముందే చెప్పు. ఆ పిల్ల ముఖం చూడు అప్పుడు.

ఇక అసలు సంగతి. ఒకసారి మా వార్డుకు ఒక సంస్థ, పేరెందుకులే, క్యాంపు పెట్టి పిల్లల్ని తెచ్చింది. పెదవులు చక్కగా కుట్టారు. ముందు ఫొటో, తర్వాత ఫొటో తీసి మిఠాయిలు పంచారు. "ఇక మీ బాబుకు ఏ లోటూ లేదు" అని చెప్పి పంపేశారు. అంగిలి చీలిక అలాగే ఉందని, ఏడాది అటూఇటూగా దానికి మరో ఆపరేషన్ ఉంటుందని ఇంగ్లీషులో రాసిన కాగితంలో ఉంది. ఆ తల్లులకు తెలుగే చదవడం రాదు. వాళ్లలో ఒక తల్లి, పిల్లాణ్ణి బళ్లో వేశాక టీచరు పంపితే, మళ్లీ తీసుకొచ్చింది. పెదవి మీద సన్నటి గీత తప్ప ఏమీ లేదు. నోరు విప్పితే "పప్పు" అనబోయి "మమ్ము" అన్నాడు. ముక్కు కింద చిన్న అద్దం పెట్టి మళ్లీ అనమన్నాను, అద్దమంతా ఆవిరి. గాలి నోట్లో ఆగక ముక్కులోకి పోతోంది. తోటిపిల్లలు వెక్కిరిస్తున్నారని అప్పటికే మాట్లాడడం తగ్గించేశాడు. అంగిలి కుట్టారు గానీ, అలవాటైన మాట ఒక్క ఆపరేషన్‌తో మారుతుందా? స్పీచ్ థెరపీ కావాలి, నెలల తరబడి రావాలి, బస్సు ఛార్జీలు, పోయే కూలి. కొన్నాళ్లకు రావడం మానేశారు. ఆ క్యాంపు లెక్కలో మాత్రం వాడు "పూర్తయిన కేసు".

నువ్వు అలా లెక్క రాస్తే ఊరుకోను! ప్రతి బిడ్డకూ ఒక పేజీ పెట్టు: పెదవి, అంగిలి, చెవులు, మాట, ఎనిమిదేళ్లు దాటాక చిగుళ్లలో ఎముక అతకడం. ఈ పిల్లలకు చెవిలో నీరు చేరి వినికిడి తగ్గుతుంది, అది అడిగేవాళ్లే ఉండరు. ఫోన్ నంబర్లు మారిపోతాయి, కాబట్టి ఆశా కార్యకర్తదీ, ఊళ్లో కిరాణా కొట్టువాడిదీ కూడా రాసుకో. ఆర్‌బీఎస్‌కే, అంటే పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం వాళ్లు, 2013 నుంచి అంగన్‌వాడీలకూ బడులకూ వెళ్లి పిల్లల్ని చూస్తున్నారు, వాళ్లతో స్నేహంగా ఉండు.

వానల్లో ఘాట్ రోడ్డు మీద ఒంటరిగా స్కూటీ నడపకు. మన్యంలో మలేరియా ఉంది, దోమతెర నేనే కొని పంపుతున్నాను. బరువైనా సరే ఉంచుకో. వేళకు తిను, తల్లీ. ఆదివారం ఫోన్ చెయ్యి. మీ అమ్మకు ముందు చేసి, తర్వాత నాకు.

మీ పెద్దమ్మ