చెన్నైలో అమ్మానాన్నల మందుల ఖర్చు తగ్గించుకోవడం ఎలా?

"అన్నా, ఒంగోలు నుంచి అమ్మానాన్నలను తెచ్చుకున్నాను. ఇద్దరికీ షుగరు, బీపీ. నాన్నకు గుండె మందులు కూడా ఉన్నాయి. నెలనెలా మెడికల్ షాపు బిల్లు చూస్తే టెన్షన్ వస్తోంది. మనకు ఇక్కడ రేషన్ కార్డు లేదు కదా, ప్రభుత్వ మందులు ఇస్తారా?"

ఐటీ కంపెనీలు ఎక్కువగా ఉండే ఓఎమ్మార్ రోడ్డు వైపు కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మన పిల్లలు ఎక్కువగా అడిగే సందేహం ఇది. ఇస్తారు. రేషన్ కార్డు లేకపోయినా ఇస్తారు. ఎక్కడికి వెళ్లాలో తెలియక ఒక్క జీతం మీద బతికే ఇళ్లలో మందులకే వేలు పోస్తుంటే చూడబుద్ధి కాదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. మందు ధర ఇంతకు మించకూడదని కంపెనీని ఆదేశించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది కాదు. ఆ పని ఢిల్లీలోని ఎన్‌పీపీఏ, అంటే మందుల ధరలు చూసే కేంద్ర సంస్థ చేస్తుంది, 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం. అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికి గరిష్ఠ ధర కడతారు. ఒకే మందు అమ్మే కంపెనీల్లో మార్కెట్లో కనీసం 1 శాతం వాటా ఉన్నవాటి ధరలు తీసుకుని, సగటు కట్టి, దాని మీద షాపువాళ్లకు 16 శాతం కలుపుతారు. తయారీకి ఎంత అయిందన్న లెక్క అందులో రాదు. జాబితాలో లేని మందుల మీద కంపెనీ ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు. కాబట్టి ఎమ్మార్పీకే అమ్మారు, మోసం లేదు అనుకున్నా, ఆ ఎమ్మార్పీయే మన జేబుకు బరువు కావచ్చు.

మరి రాష్ట్రం చేతిలో ఉన్నదేమిటి? కొనుగోలు. ఈ కిటుకు తమిళనాడు అందరికంటే బాగా పట్టుకుంది. 1994లో తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ పెట్టారు. టీఎన్ఎంఎస్‌సీ అంటారు. అంతకుముందు చిల్లరగా కొనే మందులను, రాష్ట్రంలోని ప్రభుత్వాసుపత్రులన్నిటికీ కలిపి ఒకే టెండరు మీద, బ్రాండు పేరుతో కాకుండా జనరిక్ పేరుతో, అంటే లోపలున్న అసలు మందు పేరుతో, నేరుగా తయారీదారుల దగ్గర కొనడం మొదలుపెట్టారు. జిల్లాల్లో గోడౌన్లు కట్టారు. ప్రతి ఆసుపత్రికీ ఒక పాస్‌బుక్ ఉంటుంది, అందులో ఉన్న మొత్తానికి కావలసిన మందులు గోడౌన్ నుంచి తీసుకుంటారు. వచ్చిన సరుకు శాంపిళ్లు ల్యాబులో పరీక్ష పాసయ్యాకే ఆసుపత్రులకు వెళ్తాయి. తర్వాత కేరళ, రాజస్థాన్ లాంటి రాష్ట్రాలు ఇదే దారి పట్టాయి. పేదవాడి మందుల ఖర్చు తగ్గించడంలో ఈ కార్పొరేషన్ చేసినంత మేలు ధరల ఉత్తర్వులు చేయలేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ మందులు మనకు అందే చోట్లు చెబుతాను. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ జనరల్ ఆసుపత్రి, స్టాన్లీ, కీల్పాక్, రాయపేట ఆసుపత్రుల్లో ఓపీ చీటీ మీద షుగరు, బీపీ మాత్రలు ఉచితం. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. అయితే పెద్దవాళ్లను ఆ క్యూలలో నిలబెట్టడం కష్టం. ఇంటికి దగ్గరలో చెన్నై నగర కార్పొరేషన్ వాళ్ల పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో కనుక్కోండి, నెలవారీ మందులకు అదే మేలు. 2021 ఆగస్టు 5న మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' (ప్రజలను వెతుక్కుంటూ వైద్యం) పథకంలో మహిళా వాలంటీర్లు ఇంటికే వచ్చి బీపీ, షుగరు చూసి మాత్రలు ఇచ్చి వెళ్తారు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఈ సంగతి తెలియకపోవడం ఎక్కువ. మీ వీధి ఎవరి పరిధిలో ఉందో ఆ ఆరోగ్య కేంద్రంలోనే అడిగి, అమ్మానాన్నల పేర్లు నమోదు చేయించండి.

ప్రైవేటు డాక్టరు దగ్గరే చూపించుకుంటాం, మందులు మాత్రం చవకగా కావాలి అనేవాళ్లకు 'ముదల్వర్ మరుందగం', అంటే ముఖ్యమంత్రి మందుల షాపు ఉంది. 2014లో సహకార సంఘాల ద్వారా అమ్మ మందుల షాపులు తెరిచిన రాష్ట్రమే, 2025 ఫిబ్రవరి 24న ఈ పేరుతో ఒకేసారి 1000 షాపులు మొదలుపెట్టింది. ముఖ్యమంత్రి హోదాలో స్టాలిన్ ప్రారంభించారు. ఫార్మసీ చదివినవాళ్లు సొంతంగా పెట్టుకుంటే ప్రభుత్వం 3 లక్షలు, సహకార సంఘం పెడితే 2 లక్షలు సాయం చేసింది. ఉన్న ఊళ్లోనే ఒక ఫార్మసిస్టు కుటుంబం నిలబడుతుంది, మనకు మందు చవకగా వస్తుంది. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. ఎవరైనా కొనుక్కోవచ్చు, డాక్టరు చీటీ ఉండాలి. కేంద్ర ప్రభుత్వ పథకం కింద నడిచే జన్ ఔషధి కేంద్రాలు కూడా నగరమంతా ఉన్నాయి. ఒకచోట లేనిది మరోచోట దొరుకుతుంది, రెండూ వాడుకోండి.

ఇక్కడే చాలామంది చిక్కుకుపోయేది. చీటీలో బ్రాండు పేరు మాత్రమే ఉంటే, అదే మందు చవకగా ఉన్నా ఫార్మసిస్టు మార్చి ఇవ్వకూడదు. చీటీ మీదే అమ్మాల్సిన మందులకు బదులు మరొకటి ఇవ్వకూడదని డ్రగ్స్ రూల్స్‌లోనే ఉంది. జనరిక్ షాపుకు వెళ్లి "ఇవ్వనన్నాడు" అని కోపం తెచ్చుకోకండి, అతని తప్పేమీ లేదు. పని జరగాల్సింది డాక్టరు గదిలో. జనరిక్ పేరు స్పష్టంగా, వీలైతే ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరాల్లో రాయాలని 2016లో వైద్యుల నియమావళిలో చేర్చారు. కాబట్టి మీరేదో కోరరాని కోరిక కోరడం లేదు. "డాక్టరు గారూ, జనరిక్ పేరు కూడా రాసివ్వండి, నెలనెలా వాడాల్సినవి కదా" అనండి. చెన్నై డాక్టర్లలో తెలుగు అర్థమయ్యేవాళ్లు చాలామంది ఉన్నారు, మొహమాటపడకండి.

ఇక ఇంట్లో పెద్దవాళ్ల సంగతి. పెరంబూరులో మా పక్కింటి పెద్దాయనది నెల్లూరు. కొడుకు తెచ్చిన మాత్రలు చూసి, "చవక మందా? నాకొద్దురా, పాతదే తే" అని పక్కన పెట్టేశారు. నేను పాత షీటు, కొత్త షీటు రెండూ తీసుకుని లైటు కింద వెనక్కి తిప్పి చూపించాను. రెండింటి మీదా టెల్మిసార్టాన్ 40 ఎంజీ అనే ఉంది. గడువు తేదీ చూపించాను, తయారీ లైసెన్సు నంబరు చూపించాను. "బాబాయ్, పైన పేరు వేరు, లోపల మందు ఒకటే. వేసుకుని రోజూ బీపీ చూసుకుందాం, తేడా వస్తే డాక్టర్నే అడుగుదాం" అన్నాను. ఒప్పుకున్నారు. ఇప్పుడాయన రీడింగులు ఒక నోట్‌బుక్కులో రాసుకుంటున్నారు. మీ ఇంట్లోనూ ఇలాగే చేయండి. వాదించి లాభం లేదు, షీటు చూపించండి, బీపీ మిషను పక్కన పెట్టుకోండి.

కొన్ని మందుల విషయంలో మాత్రం తొందరపడొద్దు. మూర్ఛకు వాడేవి, థైరాయిడ్ మాత్రలు, రక్తం పలచబరిచే వార్ఫరిన్, కిడ్నీ మార్పిడి తర్వాత వాడేవి డాక్టరుకు చెప్పకుండా మార్చకూడదు. వీటిలో మోతాదు కాస్త అటూ ఇటూ అయినా ప్రమాదం. మార్చాల్సి వస్తే తర్వాత రక్త పరీక్ష ఎప్పుడు చేయించాలో కూడా ఆయన్నే అడగండి.

2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఒకసారి చూసుకోండి.

ప్రభుత్వ షాపుల్లో అన్నీ ఎప్పుడూ ఉంటాయని మాత్రం ఆశపడకండి. మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్, అటోర్వాస్టాటిన్ లాంటి పాత మందులు సులువుగానే దొరుకుతాయి. పేటెంటులో ఉన్న కొత్త మందులకు బ్రాండు షాపుకు వెళ్లక తప్పదు. మందులు అయిపోయే రోజు దాకా ఆగకుండా వారం ముందే వెళ్లి చీటీ చూపించండి. లేనిదేదో తెలిస్తే తెప్పించగలరేమో అడగొచ్చు, లేదంటే మరో షాపు చూసుకోవడానికి సమయం ఉంటుంది.