పోలీసులు కారు ఆపితే తుపాకీ సంగతి చెప్పాలా?

ప్రశ్న: గ్రీన్‌కార్డుతో టెక్సస్‌లో ఉంటున్న మా అబ్బాయి, లైసెన్సు తీసుకుని, పిస్తోలును దుస్తుల చాటున పెట్టుకుని తిరుగుతాడు. పోలీసులు కారు ఆపితే ఆ సంగతి తానే ముందుగా చెప్పాలా?

జవాబు: అది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో అధికారి గుర్తింపు పత్రం అడిగినప్పుడు, పిస్తోలు దగ్గరున్న లైసెన్సుదారు డ్రైవింగ్ లైసెన్సుతోపాటు తుపాకీ లైసెన్సునూ చూపాలని అక్కడి చట్టం చెబుతోంది. మిషిగన్‌లోనైతే అడిగేదాకా ఆగకుండా వెంటనే చెప్పాలి. చెప్పకపోతే మొదటిసారికే 500 డాలర్ల జరిమానాతోపాటు తుపాకీ లైసెన్సును 6 నెలలు నిలిపివేస్తారు. ఒహాయో మాత్రం 2022లో నియమాన్ని సడలించి, అధికారి అడిగితే చెబితే చాలంది. కనుక సరిహద్దు దాటే ప్రతిసారీ అక్కడి నియమం చూసుకోవాలి. చట్టం కోరినా కోరకపోయినా, చేతులు స్టీరింగు మీదే ఉంచి, పత్రాల కోసం కదలకముందే, "తుపాకీ" అన్న మాటతో కాక "నాకు లైసెన్సు ఉంది" అని మొదలుపెట్టి నెమ్మదిగా చెప్పడమే మంచిదని నా అభిప్రాయం.