అతినీలలోహిత కిరణాలు తగిలినా బ్యాక్టీరియా ఎలా బతుకుతుంది?

ఈ కిరణాలు తగిలితే డీఎన్ఏ పోగులో పక్కపక్కనే ఉన్న రెండు థైమిన్‌లు (డీఎన్ఏలోని నాలుగు రకాల అక్షరాల్లో ఒకటి) ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అక్కడ నకలు తీసే పని ఆగిపోతుంది. ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో యూవీఆర్ ఏ, బీ, సీ జన్యువుల ప్రోటీన్లు ఆ చోటును పసిగట్టి రెండు వైపులా కత్తిరిస్తాయి. 12-13 న్యూక్లియోటైడ్ల (డీఎన్ఏ పోగులోని ఒక్కో అక్షరపు గళ్ల) ముక్క ఊడిపోతుంది. ఎదుటి పోగును చూసి పాలిమరేజ్ అనే ఎంజైమ్ ఖాళీ నింపుతుంది, లైగేజ్ అనే మరో ఎంజైమ్ అతికిస్తుంది. ఈ జన్యువులు చెడిపోయిన రకాలు కొద్దిపాటి యూవీ (అతినీలలోహిత) కిరణాలకే చనిపోతాయి.

ఫోటోలయేజ్ ఎంజైమ్‌ది ఇంకా సులువైన దారి: నీలి కాంతి శక్తితో ఆ అతుకునే విడదీస్తుంది (వెలుతురు ఉంటేనే లెండి).

నష్టం మరీ ఎక్కువైతే రెక్‌ఏ ప్రోటీన్ ప్రభావంతో లెక్స్‌ఏ అనే ప్రోటీన్ అడ్డు తొలగి, అది ఆపి ఉంచిన సుమారు 40 జన్యువులు పనిలోకి దిగుతాయి. ఆఖరున వచ్చే పాలిమరేజ్ 5 తప్పులు చేస్తూనే నకలు పూర్తిచేస్తుంది. కణం బతుకుతుంది, కాకపోతే మ్యుటేషన్లతో.